కమర్షియల్ బిల్డింగుల్లో కరెంటు వైరింగ్: పని నేర్చుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

పదో తరగతి అయ్యాకనో, చదువు మధ్యలో ఆగిపోయాకనో కరెంటు పనిలో చేరే కుర్రాళ్లు చాలామంది. ఉస్తాద్ వెంట రెండేళ్లు తిరిగితే ఇంటి వైరింగ్ చేతికొస్తుంది. స్విచ్‌బోర్డు కట్టడం, ఫ్యాను బిగించడం, ఇన్వర్టర్ పెట్టడం వచ్చేస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు ఒక షాపో, హోటలో, షాదీఖానానో చూపించి వైరింగ్ చేసిపెట్టమంటారు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఇంట్లో చేసిన పనినే కాస్త పెద్దగా చేస్తే అది కమర్షియల్ వైరింగ్ అయిపోదు.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద షాపులు, పైన ఇళ్లు ఉన్న ఒక భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. కింద వ్యాపారం, పైన కాపురం అన్నది పాత బజార్లన్నిటిలో కనిపించే పద్ధతే. అలాంటి చోట వైరింగ్‌లో జరిగే తప్పు షాపుతో ఆగదు, పైన నిద్రపోయేవాళ్ల దాకా వెళ్తుంది.

బల్బు వెలిగితే వైరింగ్ బాగున్నట్టే అనుకుంటారు చాలామంది. కానీ తప్పుగా కట్టిన వైరింగ్‌లోనూ బల్బు వెలుగుతుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు కరెంటు ఎటు పోవాలి, ఎంత వేగంగా ఆగిపోవాలి అన్నది ముందే ఆలోచించి కట్టడమే అసలు పని. కింద చెప్పిన విషయాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

ఇల్లు వేరు, షాపు వేరు

ఇంట్లో ఏసీ రాత్రిపూట కొన్ని గంటలు నడుస్తుంది. షాపులో పొద్దున తెరిచిన దగ్గర్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా లైట్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు ఆగకుండా నడుస్తాయి. వైరు చల్లబడే టైమే దొరకదు. ఇంట్లో ఉండేవాళ్లకు ఏ స్విచ్ ఎక్కడుందో తెలుసు. షాపుకు, హోటల్‌కు వచ్చే గిరాకీకి బయటికి వెళ్లే దారి కూడా సరిగా తెలియదు. పైగా షాపు చేతులు మారుతూ ఉంటుంది. ఇవాళ బట్టల షాపు, రేపు బేకరీ, ఎల్లుండి జిరాక్స్ సెంటర్. లోడు మారుతుంది గానీ గోడలోని వైరు మాత్రం పాతదే ఉంటుంది.

అందుకే కమర్షియల్ పనిలో మొదటి పనిముట్టు కటింగ్ ప్లేయర్ కాదు, కాగితం, పెన్ను. ముందు లోడు లెక్క, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే పైపు.

లోడు లెక్క ఎలా వేయాలి?

ఒక మామూలు బట్టల షాపునే తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 18 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు 20 అంటే 360 వాట్లు. 75 వాట్ల ఫ్యాన్లు 6 అంటే 450. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు, ఒక్కోటి 1,600 వాట్ల చొప్పున 3,200. బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాలకు 500. బయట బోర్డుకు 500. ఇస్త్రీకి 1,000. మొత్తం 6,010 వాట్లు, అంటే సుమారు 6 కిలోవాట్లు.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 6,010ని 230తో భాగిస్తే 26. ఏసీల వంటి మోటార్ లోడు ఉన్నప్పుడు పవర్ ఫ్యాక్టర్ కూడా చూడాలి. అది 0.9 అనుకుంటే 29 ఆంపియర్లు అవుతుంది. ఇదంతా ఒకే ఫేజు మీద పెడితే 29 ఆంపియర్లు ఆ ఒక్క వైరులోనే పోవాలి. మూడు ఫేజులకు సమానంగా పంచితే ఒక్కోదానికి 10 ఆంపియర్ల లోపే వస్తుంది.

అన్నీ ఒకేసారి నడవవు కదా అని లోడు తగ్గించి రాసేవాళ్లున్నారు. ఆఫీసుల్లో, లాడ్జీల్లో ఆ మాటకు కొంత అర్థముంది. షాపు లైట్లు, ఏసీల విషయంలో మాత్రం లేదు. మే నెల మధ్యాహ్నం అవన్నీ ఒకేసారి నడుస్తాయి. పైగా రేపు ఇంకో ఏసీ పెట్టుకుంటారేమో అని డిస్ట్రిబ్యూషన్ బోర్డులో కొన్ని ఖాళీ గదులు వదలడం మంచి పనివాడి లక్షణం.

లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్‌కు 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదని వైరింగ్ నియమాల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఏసీకి, ఓవెన్‌కు, డీప్ ఫ్రీజర్‌కు దేనికి దానికి విడి సర్క్యూట్ ఇవ్వాలి. ఒకదాంట్లో తేడా వస్తే అదొక్కటే ఆగిపోవాలి, షాపంతా చీకటి కాకూడదు.

త్రీఫేజ్‌లో న్యూట్రల్ చిన్నచూపు చూసేది కాదు

భారత్‌లో ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల పైమాటే. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ఇంటి పని మాత్రమే చేసినవాళ్లకు ఈ రెండో అంకె అలవాటు ఉండదు. ఒకే బోర్డులో పక్కపక్క స్విచ్‌లకు రెండు వేర్వేరు ఫేజులు ఇస్తే, అక్కడ చెయ్యి పెట్టినవాడికి 400 వోల్టులు తగిలే ప్రమాదం ఉంటుంది. అందుకే ఒక గదికి, ఒక బోర్డుకు ఒకే ఫేజు ఇవ్వడం మంచిది.

మూడు ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు చాలా తగ్గిపోతుంది. ఆ ధైర్యంతోనే పాతకాలంలో న్యూట్రల్‌కు సన్న వైరు వేసేవారు. ఇప్పుడు అది కుదరదు. ఎల్‌ఈడీ లైట్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు కరెంటును ముక్కలు ముక్కలుగా లాగుతాయి. అలాంటి లోడు ఎక్కువున్న చోట మూడు ఫేజుల నుంచి వచ్చే ఆ ముక్కలు న్యూట్రల్‌లో ఒకదానికొకటి కొట్టుకుపోవు, కలిసి పెరుగుతాయి. న్యూట్రల్ కనీసం ఫేజు వైరంత మందం ఉండాలి.

న్యూట్రల్ లూజైతే జరిగేది ఇంకా ఘోరం. త్రీఫేజ్ మెయిన్‌లో న్యూట్రల్ ఊడిపోతే లోడు తక్కువున్న ఫేజులో వోల్టేజీ 300 దాటి, 400 దగ్గరికి కూడా పోవచ్చు. ఒకేసారి కంప్యూటర్లు, కెమెరాలు, టీవీలు, ఎల్‌ఈడీ డ్రైవర్లు మాడిపోతాయి. "పై నుంచి హై వోల్టేజీ వచ్చింది" అని డిపార్ట్‌మెంటును తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు ఆ బోర్డులోనే, సరిగా బిగించని న్యూట్రల్ స్క్రూలోనే ఉంటుంది. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ, ఒంటి స్విచ్ గానీ ఎప్పుడూ పెట్టకూడదు.

ఎంసీబీ కాపాడేది వైరును

ఎంసీబీ ఏసీని కాపాడుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎంసీబీ ముఖ్యంగా కాపాడేది గోడలో ఉన్న వైరును. అందుకే లెక్క ఎప్పుడూ ఒకటే: లోడు లాగే కరెంటు కన్నా ఎంసీబీ పెద్దదిగా ఉండాలి, ఎంసీబీ కన్నా వైరు తట్టుకునే కరెంటు పెద్దదిగా ఉండాలి. ఈ వరుస తప్పితే మిగిలిందంతా వృథా.

వైరు ఎంత తట్టుకుంటుందన్నది డబ్బా మీది అంకెతో తేలదు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు పైపులో వేస్తే, చుట్టూ వేడి 30 డిగ్రీలున్నప్పుడు సుమారు 24 ఆంపియర్లు మోస్తుంది. 40 డిగ్రీల ఎండాకాలంలో అది సుమారు 21కి దిగుతుంది. అదే పైపులో ఇంకో రెండు సర్క్యూట్లు కూడా దూర్చితే ఒకదాని వేడి ఇంకొకదానికి తగిలి, మోసేది 15 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. వైరు అదే, కంపెనీ అదే. మోసే బలం మాత్రం మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. పైపులో చోటు మిగిలింది కదా అని వైర్లు కుక్కడం అందుకే తప్పు.

షాపుల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఎండాకాలంలో ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంది. ఓనరు విసుక్కుంటాడు. పనివాడొచ్చి 20 ఆంపియర్లది తీసి 32ది పెట్టేస్తాడు. ఇక పడదు, అందరూ సంతోషం. కానీ 28 ఆంపియర్లు పోతున్నా ఆ ఎంసీబీ కదలదు, ఆ వేడినంతా 2.5 వైరు భరించాలి. ఇన్సులేషన్ నెలల తరబడి లోలోపల మాడి, ఒకరోజు రాత్రి షార్ట్ అవుతుంది. ఎంసీబీ పడిపోతోందంటే అది చెడిపోయిందని మాత్రమే కాదు, అది ఏదో చెబుతోందని కూడా. ముందు క్లాంప్ మీటర్ పెట్టి కరెంటు కొలవాలి. లోడు నిజంగానే పెరిగి ఉంటే వైరు మార్చాక మాత్రమే ఎంసీబీ మార్చాలి.

ఎంసీబీ మీద బీ, సీ, డీ అనే అక్షరాలు ఉంటాయి. షార్ట్ అయినప్పుడు క్షణంలో పడిపోవడానికి ఎంత కరెంటు కావాలో అవి చెబుతాయి. బీ రకం తన రేటింగుకు 3 నుంచి 5 రెట్లకు, సీ రకం 5 నుంచి 10 రెట్లకు, డీ రకం 10 నుంచి 20 రెట్లకు పడుతుంది. మామూలు షాపు సర్క్యూట్లకు, ఏసీలకు సీ రకం సరిపోతుంది. మొదలయ్యేటప్పుడు బాగా కరెంటు లాగే పెద్ద మోటార్లకు డీ రకం వాడతారు. దొరికింది కదా అని అన్నిచోట్లా డీ పెడితే అసలు షార్ట్ అయినప్పుడు అది ఆలస్యం చేస్తుంది.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 2.5 వైరు మీద 40 మీటర్ల దూరంలో 15 ఆంపియర్ల లోడు ఉంటే, పోను రాను 80 మీటర్ల వైరులో సుమారు 9 వోల్టులు తగ్గిపోతాయి. పొడవైన గోడౌన్లు, ఫంక్షన్ హాళ్లలో చివరి ఏసీ సరిగా స్టార్ట్ కాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అలాంటి చోట మందం వైరు వేయాలి, లేదా లోడు దగ్గరికే ఇంకో చిన్న డీబీ తీసుకెళ్లాలి.

ఎర్తింగ్ ఒక్కటే చాలదు, ఆర్‌సీసీబీ కావాలి

గుంత తవ్వి, పైపు దించి, ఉప్పు, బొగ్గు పోస్తే ఎర్తింగ్ అయిపోయిందనుకుంటారు. ఎర్తింగ్ పని కరెంటును భూమిలో పారబోయడం కాదు. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినప్పుడు కరెంటు సులువుగా తిరిగి వెళ్లే దారి చూపించి, ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ వెంటనే పడేలా చేయడమే దాని పని.

ఒక లెక్క చూస్తే విషయం తేలుతుంది. షాపు ఎర్త్ గుంతకు, కరెంటు తిరిగి వెళ్లే దారికి కలిపి 5 ఓమ్‌ల అడ్డు ఉందనుకుంటే, బాడీకి ఫేజు తగిలినప్పుడు 230ని 5తో భాగించినంత, అంటే 46 ఆంపియర్లు పోతాయి. ఆ సర్క్యూట్‌లో 32 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ ఉంటే అది వెంటనే పడాలంటే కనీసం 160 ఆంపియర్లు కావాలి. 46 ఆంపియర్లకు అది గంటసేపైనా పడకపోవచ్చు. అంతసేపూ ఆ ఫ్రిజ్ బాడీలో కరెంటు ఉంటుంది. ఎర్తింగ్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా మనిషికి రక్షణ లేదు.

అందుకే ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే ఎక్కడో లీకవుతోందని దానికి తెలిసిపోతుంది. మనుషుల ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. మంటలు రాకుండా మెయిన్ దగ్గర 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది పెట్టే పద్ధతి కూడా ఉంది. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌ను పట్టుకోదు, ఎంసీబీ లీకేజీని పట్టుకోదు. రెండూ కావాలి. ఒక చేత్తో ఫేజును, ఇంకో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాడిని ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, ఎందుకంటే దాని లెక్కలో కరెంటు ఎక్కడికీ లీక్ కాలేదు.

డీబీలో ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్‌ను, ఎర్త్‌ను ఎక్కడా కలపకూడదు. రెండు ఆర్‌సీసీబీల న్యూట్రల్ వైర్లు ఒకే బార్‌లో కలిపినా ఊరికే పడిపోతుంటుంది. కారణం వెతికే ఓపిక లేక ఆర్‌సీసీబీనే తీసేసి డైరెక్ట్ ఇచ్చేసిన బోర్డులు బజార్లో ఎన్నో. హోటల్ వంటగదిలో, నీళ్లు చల్లి కడిగే చికెన్ సెంటర్లలో అలా చేయడం అక్కడ పనిచేసే కుర్రాడి ప్రాణంతో ఆడుకోవడమే. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి అది పడుతోందో లేదో చూసుకోవాలి.

లూజు జాయింట్: ఎంసీబీ కంటపడని నిప్పు

షార్ట్ సర్క్యూట్ అని అందరూ అంటారు గానీ, నిప్పు చాలాసార్లు మొదలయ్యేది లూజు కనెక్షన్ దగ్గర. 20 ఆంపియర్ల కరెంటు పోతున్న స్క్రూ లూజై, అక్కడ అర ఓమ్ అడ్డు ఏర్పడితే పుట్టే వేడి 200 వాట్లు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో 200 వాట్ల హీటర్ పెట్టినట్టే. కరెంటు మాత్రం మామూలుగానే ఉంది కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. ఆర్‌సీసీబీకీ తెలియదు. అక్కడ రక్షణ అంటే పనివాడి చేతి నాణ్యత ఒక్కటే.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. హాలు కింది అంతస్తులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ రోజు ఉదయమే మరమ్మతు జరిగింది. కేబుల్ లగ్గులను క్రింపింగ్ మెషీన్‌తో కాకుండా డై, సుత్తితో కొట్టి బిగించారని కోర్టు విచారణలో తేలింది. సాయంత్రానికి ఆ కేబుల్ లూజై ఊడింది, నిప్పురవ్వలు లేచాయి, నూనె అంటుకుంది. పొగ పైకి ఎక్కింది. బాల్కనీలో ఉన్నవాళ్లకు బయటికి దారి దొరకలేదు, ఎమర్జెన్సీ లైట్లు కూడా లేవు. చనిపోయినవాళ్లు మంటల్లో కాదు, పొగలో ఊపిరాడక పోయారు.

పని నేర్చుకునేవాడు ఈ ఒక్క సంఘటన నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వైర్లు మెలేసి టేపు చుట్టడం జాయింట్ కాదు. పైపు మధ్యలో, గోడ లోపల జాయింట్ వేయకూడదు. మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సులోనే, సరైన కనెక్టర్‌తో వేయాలి. మందం కేబుల్‌కు దాని సైజు లగ్గే వాడి, మెషీన్‌తోనే క్రింప్ చేయాలి. లగ్గులో పట్టడం లేదని కేబుల్‌లో నాలుగు పోగులు కత్తిరించేయడం పెద్ద తప్పు. అల్యూమినియం కేబుల్‌ను రాగి బస్‌బార్‌కు కలపాలంటే బైమెటాలిక్ లగ్గు కావాలి, లేకపోతే ఆ చోటు తుప్పు పట్టి లూజవుతుంది. ఏడాదికోసారి కరెంటు ఆపి డీబీలోని స్క్రూలన్నీ చూసుకోవాలి.

పైపులు, షాఫ్టులు, పొగ

కమర్షియల్ బిల్డింగుల్లో కేబుళ్లు కింది నుంచి పైకి ఒక షాఫ్టులో వెళ్తాయి. ప్రతి అంతస్తు దగ్గర ఆ కంతను మంట తట్టుకునే పదార్థంతో మూసేయాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మూయకుండా వదిలేస్తే ఆ షాఫ్టు పొగగొట్టంలా పనిచేసి, కింది అంతస్తు పొగను నిమిషాల్లో పైకి చేరుస్తుంది. చాలాచోట్ల ఆ షాఫ్టులోనే అట్టపెట్టెలు, చీపుర్లు పెట్టుకుంటారు. అది ఇంకా ప్రమాదం.

వైరు కొనేటప్పుడు ఎఫ్‌ఆర్, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అనే మాటలు వినిపిస్తాయి. ఎఫ్‌ఆర్ అంటే మంట వైరు వెంట త్వరగా పాకదు. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అంటే దానితో పాటు పొగ కూడా తక్కువ వస్తుంది. జనం గుమిగూడే షాదీఖానాలు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రుల్లో రెండోదో, అంతకన్నా మేలైన హాలోజన్ లేని రకమో వాడటం మంచిది. బయటికి దారి చూపే లైట్లు, ఫైర్ పంపు మామూలు సర్క్యూట్లతో కలవకుండా విడిగా ఉండాలి. మంట వచ్చిందని మెయిన్ ఆపితే అవి కూడా ఆగిపోకూడదు.

జనరేటర్, ఇన్వర్టర్, పండగ లైట్లు

షాపులకు లైన్ కరెంటుతో పాటు జనరేటరో, ఇన్వర్టరో, సోలారో ఉంటుంది. మెయిన్ ఆపేశాం కదా అని చెయ్యి పెడితే ఇంకో వైపు నుంచి కరెంటు రావచ్చు. జనరేటర్ కలిపేటప్పుడు లైన్, జనరేటర్ ఒకేసారి కలిసే వీలు లేని చేంజోవర్ స్విచ్ పెట్టాలి. త్రీఫేజ్‌లో న్యూట్రల్‌ను కూడా విడదీసే నాలుగు పోల్స్ స్విచ్ వాడతారు. చేంజోవర్ లేకుండా ప్లగ్గులోంచి వెనక్కి కరెంటు ఇస్తే అది వీధి లైన్‌లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీయొచ్చు.

రంజాన్ రాత్రుల్లో బజార్లలో, మిలాద్ రోజుల్లో గల్లీల్లో, పెళ్లిళ్లకు ఫంక్షన్ హాళ్ల ముందు తాత్కాలిక లైన్లు లాగుతారు. నాలుగు రోజులకే కదా అని సన్న వైర్లు, అతుకులు, ఇనప గ్రిల్లు మీదుగా లాగిన తీగలు. తాత్కాలిక లైన్‌కు కూడా విడి ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. ఇనప పైపులు, రేకులకు వైరు తగలకూడదు. వాన పడే చోట కనెక్షన్లు నేల మీద ఉండకూడదు.

కరెంటు ఇచ్చే ముందు చేయాల్సిన పరీక్షలు

పని అయిపోగానే మెయిన్ ఎత్తి లైట్లు చూపించడం పరీక్ష కాదు. వరుస ఇలా ఉండాలి.

ముందు కంటితో చూడాలి: స్క్రూలు, గ్లాండ్లు, వైరు రంగులు, డీబీ మీద ఏ ఎంసీబీ దేనికో రాసిన పేర్లు. తర్వాత ఎర్త్ వైరు ప్రతి ప్లగ్గు దాకా తెగకుండా వెళ్లిందో లేదో కొలవాలి. ఆపై 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగాఓమ్‌కు తగ్గితే కరెంటు ఇవ్వకూడదు. మెగ్గర్ పెట్టే ముందు ఎల్‌ఈడీలు, కంప్యూటర్ల వంటివి విప్పేయాలి. ప్లగ్గులో ఎదురుగా చూస్తే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన ఎర్త్ ఉండాలి. స్విచ్ ఆపేది ఫేజునే కావాలి. న్యూట్రల్‌ను ఆపితే లైటు ఆగుతుంది గానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. చివరగా ఎర్త్ గుంత కొలత, కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ పరీక్ష. కొలతలన్నీ కాగితం మీద రాసి, ఒక నకలు ఓనరుకు ఇవ్వాలి.

పాత లైన్ మీద పనిచేసేటప్పుడు మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను నమ్మకూడదు. మీటర్‌ను ముందు కరెంటున్న చోట చూసుకుని, పనిచేసే చోట కొలిచి, మళ్లీ కరెంటున్న చోట చూసుకోవాలి. మధ్యలో మీటరే పాడైతే తెలియాలి కదా.

చట్టం ఏమంటుంది?

వైరింగ్ పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారా, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయాలని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నియమాలు చెబుతాయి. ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2023 నాటివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పర్మిట్లు, లైసెన్సులు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ పరిధిలోని లైసెన్సింగ్ బోర్డులు ఇస్తాయి. పని ఎలా చేయాలో చెప్పే ప్రమాణాల్లో వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ముఖ్యం.

షాపు ఓనర్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఇంటి మీటర్ మీద షాపు నడిపితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. ఆ మేరకు రెట్టింపు టారిఫ్‌తో లెక్కగట్టి వసూలు చేస్తారు. రెండు రాష్ట్రాల్లోనూ షాపులకు కమర్షియల్ కేటగిరీ వేరుగా ఉంది. అందులోనే, అసలు లోడు చెప్పి కనెక్షన్ తీసుకోవాలి.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు, పదో తరగతి పాసై ఉండాలి. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేస్తే చేతికి పని, కాగితానికి విలువ రెండూ వస్తాయి. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఐటీఐలో ఈ ట్రేడ్ ఉంది. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ రంగ పనుల్లో శిక్షణ ఇస్తుంది. ఇప్పటికే ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు, ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతిని వాడుకోవచ్చు.

ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది తక్కువేమీ కాదు. వైరు లాగే నేర్పు, పాత బిల్డింగులో తప్పు ఎక్కడుందో పసిగట్టే తెలివి ఏ తరగతి గదిలోనూ దొరకవు. అయితే "ఇలాగే చేస్తారు" అన్న దగ్గర ఆగిపోకుండా "ఎందుకు ఇలాగే" అని తెలుసుకోవడానికి చదువు కావాలి. రెండూ ఉన్నవాడే మంచి ఎలక్ట్రీషియన్.

గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లకు

గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌కు గిరాకీ ఉన్న మాట నిజం. కానీ ఇక్కడి అలవాటు అక్కడ ప్రాణం మీదికి తేవచ్చు. ఇక్కడ పాత పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. అంతర్జాతీయ పద్ధతిలో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులు, నీలం న్యూట్రల్. అంటే ఇక్కడ న్యూట్రల్ అనుకునే నల్ల వైరులో అక్కడ కరెంటు ఉండొచ్చు. ఏ బిల్డింగులో ఏ పద్ధతి వాడారో రంగును బట్టి నమ్మకూడదు, మీటర్ పెట్టి చూడాలి. సౌదీలో ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్, చాలా గల్ఫ్ దేశాల్లో 50. ప్లగ్గులు కూడా లోపల ఫ్యూజున్న 13 ఆంపియర్ల రకం.

సౌదీ వెళ్లే ఎలక్ట్రీషియన్లకు భారత్‌లోనే నైపుణ్య పరీక్ష పెట్టే పద్ధతి వచ్చింది. రాతలో, చేతిలో రెండిట్లోనూ పరీక్షిస్తారు. పైన చెప్పిన మూల విషయాలు తెలిసినవాడికి ఆ పరీక్ష భయం ఉండదు. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు అతని పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లు అడగాల్సిన ప్రశ్న

పిల్లవాడు కరెంటు పనికి వెళ్తానంటే రోజుకు ఎంత ఇస్తారని అడగడం సహజం. దానికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పనిచేసే చోట మెయిన్ ఆపుతారా? చేతికి మీటర్ ఇస్తారా? కాళ్లకు బూట్లు ఉంటాయా? నిచ్చెన చెక్కదా, ఇనపదా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే ఉస్తాద్ దగ్గరే పిల్లవాడిని పెట్టాలి. షాపు కట్టించుకునేవాళ్లు కూడా అంతే. పాయింటుకు ఎంత అని బేరమాడే ముందు లోడు లెక్క చూపించమని, పని అయ్యాక పరీక్షల కాగితం ఇమ్మని అడగాలి. ఆ రెండు కాగితాలూ చూపించగలిగినవాడి చేతికే బోర్డు అప్పగించాలి. పైన అంతస్తులో పడుకునేవాళ్లు రాత్రి నిశ్చింతగా నిద్రపోవాలంటే అదే దారి.